708 మ్యాచ్‌ల పీటర్ ఫోర్స్‌బర్గ్

ఐస్ హాకీ ఆటగాడు పీటర్ ఫోర్స్‌బర్గ్ పేరెత్తితే డెన్వర్‌లో యాభై దాటినవాళ్ల గొంతే మారిపోతుంది. నేనిక్కడ ఫిజియోథెరపిస్టుని. మోకాలి ఆపరేషన్ అయ్యి బల్ల మీద పడుకున్న పేషెంటుని మాటల్లో పెట్టాలంటే నాకు తెలిసిన సులువైన దారి, "ఫోర్స్‌బర్గా, సాకిక్కా?" అని అడగడం. కాలు వంచుతున్న సంగతి మర్చిపోతారు. ఈ మంత్రం టొరంటోలో ఉండే మా బావ దగ్గర మాత్రం పారదు. ఆయన అకౌంటెంటు. "మీ ఊరోళ్లు అతన్ని ఊరికే మోస్తున్నార్రా. సగం కెరీర్ ఆసుపత్రుల్లో గడిపినవాడు ఆల్‌టైమ్ గ్రేట్ అయితే, రోజూ వచ్చి ఆడినవాళ్లు ఏమైనట్టు?" అంటాడు.

మనకి హాకీ అంటే ధ్యాన్‌చంద్. ఫోర్స్‌బర్గ్ ఆడింది మంచు మీద స్కేటింగ్ చేస్తూ ఆడే హాకీ. అమెరికా, కెనడా జట్లు కలిసి ఆడే ఎన్‌హెచ్ఎల్‌లో అతని రోజుల్లో సీజన్‌కి ఒక్కో జట్టుకి 82 మ్యాచ్‌లు ఉండేవి. ఆ తర్వాత ప్లేఆఫ్స్: నాలుగు రౌండ్లు, ఒక్కొక్కటీ ఏడు మ్యాచ్‌ల సిరీస్, చివర్లో స్టాన్లీ కప్. గోల్ కొడితే ఒక పాయింటు, ఆ గోల్‌కి పాస్ ఇచ్చినా ఒక పాయింటే. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) దగ్గరున్నవాణ్ణి భుజంతో గుద్దడం తప్పు కాదు, పనితనం. మన కథంతా ఈ గుద్దుళ్ల చుట్టూనే తిరుగుతుంది.

ఫోర్స్‌బర్గ్‌ది స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్ అనే చిన్న పట్నం. 1991 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, ఫిలడెల్ఫియా జట్టు అతన్ని ఆరో ఆటగాడిగా తీసుకుంది. అదే డ్రాఫ్ట్‌లో మొదటివాడు ఎరిక్ లిండ్రోస్, ఆరడుగుల నాలుగంగుళాల కెనడా కుర్రాడు. క్యుబెక్ తనని ఎంచుకుంటే ఆ జట్టుకి ఆడనని మొండికేశాడు. దాంతో 1992లో పెద్ద బేరం జరిగింది. లిండ్రోస్ ఒక్కడి కోసం ఫిలడెల్ఫియా ఆరుగురు ఆటగాళ్లనీ, రెండు డ్రాఫ్ట్ అవకాశాలనీ, కోటిన్నర డాలర్లనీ ఇచ్చుకుంది. ఆ ఆరుగురిలో ఒకడు ఫోర్స్‌బర్గ్. 1995లో క్యుబెక్ జట్టు డెన్వర్‌కి తరలి వచ్చి కొలరాడో అవలాంచ్ అయింది. వచ్చిన తొలి ఏడాదే స్టాన్లీ కప్ గెలిచింది. ఫ్లోరిడాతో జరిగిన ఆ ఫైనల్ రెండో మ్యాచ్‌లో మొదటి పీరియడ్ ముగిసేలోగా ఫోర్స్‌బర్గ్ మూడు గోల్స్ కొట్టేశాడు.

1996, 2001లలో స్టాన్లీ కప్పులు, 1994, 2006లలో ఒలింపిక్ స్వర్ణాలు. లిల్లెహామర్ ఒలింపిక్ ఫైనల్లో కెనడా గోలీని (గోల్‌కీపర్‌ని) ఒక పక్కకి లాగి, ఒంటి చేత్తో స్టిక్ చాపి కొట్టిన గోల్ స్వీడన్‌లో తపాలా బిళ్ల అయింది. 2003లో 106 పాయింట్లతో లీగ్‌లోకెల్లా మొదటివాడు, అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా ఆ ఏడాదే. ఆ పాయింట్ల పోటీలో 104తో వెనకబడిన మార్కస్ నాస్లుండ్‌దీ ఫోర్స్‌బర్గ్ పట్నమే, ఇద్దరి పుట్టినరోజులకీ తేడా పది రోజులు. చిన్న ఊరికి ఇంత అదృష్టం ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఇక లెక్క. మొత్తం 708 మ్యాచ్‌లు, 885 పాయింట్లు. అంటే మ్యాచ్‌కి 1.25. గోలీల ప్యాడ్లు పెరిగి, జట్లన్నీ డిఫెన్స్‌లో బిగుసుకుపోయి, గోల్ దొరకడమే గగనమైన రోజుల్లో చాలా పెద్ద సగటది. డెన్వర్ అభిమానులు ఊపేది ఈ 1.25నే. "ఆరోగ్యంగా ఉండి మరో ఏడొందల మ్యాచ్‌లు ఆడి ఉంటే..." అని మొదలుపెడతారు.

ఇక్కడ నేను బావ వైపే. జో సాకిక్ అదే జట్టు కెప్టెన్. 1378 మ్యాచ్‌లు, 1641 పాయింట్లు. సగటు 1.19. దాదాపు రెట్టింపు మ్యాచ్‌లు ఆడాక కూడా తేడా అంతే! పైగా సాకిక్ పందొమ్మిదేళ్లకే లీగ్‌లో అడుగుపెట్టి, నలభై దగ్గరపడేదాకా ఆడాడు. తప్పటడుగుల ఏళ్లూ, కాళ్లు బరువెక్కిన ఏళ్లూ అన్నీ ఆ సగటులో కలిసి ఉన్నాయి. ఫోర్స్‌బర్గ్ ఇరవయ్యొక్కేళ్లకి, స్వీడన్‌లో బాగా పదునెక్కాక వచ్చాడు. ముప్ఫై నాలుగు దాటాక దాదాపు ఆడలేదు. అతని 1.25లో ఉన్నవన్నీ నడిమి ఏళ్లే. క్రికెట్ చూసేవాళ్లకి న్యూజిలాండ్ బౌలర్ షేన్ బాండ్ గుర్తుంటాడు. 18 టెస్టుల్లో 87 వికెట్లు, సగటు 22. ఆ సగటు పట్టుకుని అతన్ని హ్యాడ్లీ పక్కన నిలబెట్టం కదా.

మరి గాయాలు దురదృష్టం కాదా? నా వృత్తి వల్ల నేను ఎక్కువ ఆలోచించేది దీని గురించే. ఫోర్స్‌బర్గ్ గాయాలు రెండు రకాలు. మొదటి రకం అతని ఆటలోంచే పుట్టింది. గుద్దడానికి ఎవరైనా దూసుకొస్తుంటే చాలామంది పక్ వదిలేసి పక్కకి జరుగుతారు. ఇతను తుంటి తిప్పి ఎదురెళ్లి, వచ్చినవాడికే ముందు తగిలేవాడు. వాడు రింక్ చుట్టూ ఉండే బోర్డులకి కొట్టుకుని పడేలోపు పక్ ఇతని స్టిక్ మీదే ఉండేది. పాస్ ఇవ్వడానికి కావలసిన ఆ అర సెకను ఇతనికి అలా దక్కేది. కానీ అలా ఏటా వందలసార్లు తాకితే భుజం, తుంటి ఊరుకోవు. రెండో రకం పాదాలది. స్కేట్ బ్లేడు మందం మూడు మిల్లీమీటర్లు. పాదం కాస్త లోపలికి ఒరిగినా బరువు బ్లేడు అంచు మీంచి తప్పుతుంది, దాన్ని సరిదిద్దుకోబోయి చీలమండ నలుగుతుంది. రెండు చీలమండలకీ ఆపరేషన్లు చేయించుకున్నాడు, బూట్ల మీద బూట్లు మార్చాడు. కుదరలేదు.

కాబట్టి "ఆరోగ్యంగా ఉంటే" అన్న వాదన నాకు సహించదు. ఒళ్లు కాచుకుంటూ ఆడే ఫోర్స్‌బర్గ్‌కి ఆ అర సెకను దొరకదు, ఆ పాసులూ ఉండవు. 82 మ్యాచ్‌లూ ఆడిన సీజన్ అతని జీవితంలో ఒక్కటే, 1995-96. అదే అసలు ఫోర్స్‌బర్గ్ అనీ, మిగతావన్నీ ప్రమాదాలనీ అనుకోవడం అభిమానుల కోరిక.

బావ అక్కడితో ఆగడు. "2001 చూడు" అంటాడు. లాస్ ఏంజెలెస్‌తో ఏడో మ్యాచ్ గెలిచిన రాత్రి ఫోర్స్‌బర్గ్‌కి కడుపులో నొప్పి మొదలైంది. ప్లీహం చిట్లింది, ఆ రాత్రే తీసేశారు. మిగిలిన రెండు రౌండ్లూ అతను లేకుండానే ఆడి కొలరాడో కప్పు గెలిచింది. "లేకపోయినా గెలిచారుగా?"

"2002 కూడా చూడు బావా" అంటాను నేను. గాయాల వల్ల సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా నేరుగా ప్లేఆఫ్స్‌లో దిగాడు. 20 మ్యాచ్‌ల్లో 27 పాయింట్లు. ఫైనల్ దాకా వెళ్లకుండానే ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో అందరికంటే ఎక్కువ అవే. ఇరవై ఏళ్లుగా కంటి నిండా నిద్రపోయి, టైముకి తిని, ఏ గాయమూ లేకుండా ఆడినవాళ్లలో ఎంతమంది చేశారది?

అప్పుడు బావ తన దగ్గరున్న బలమైన ముక్క తీస్తాడు: బాబీ ఓర్. మోకాళ్లు పాడైపోయి ముప్ఫై ఏళ్లకే ఆట మానేసిన బోస్టన్ డిఫెన్స్ ఆటగాడు. మ్యాచ్‌లు 657, అంటే ఫోర్స్‌బర్గ్ కంటే తక్కువే. అయినా అతన్ని అతిగా మెచ్చుకుంటున్నారని ఎవరూ నోరెత్తరు. ఎందుకంటే వరసగా ఎనిమిదేళ్లు లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు అతనే, వరసగా మూడేళ్లు హార్ట్ ట్రోఫీ అతనిదే. డిఫెన్స్‌లో ఉంటూ రెండుసార్లు లీగ్ మొత్తంలో పాయింట్లలో మొదటివాడు, ఇప్పటికీ మరొకడు లేడు. వెన్నునొప్పితో, క్యాన్సర్‌తో కూడా ఆడిన మారియో లెమ్యూ ఉన్నాడు: 915 మ్యాచ్‌లు, సగటు 1.88. వాళ్లు ఆడిన కొద్దికాలంలోనే రెండో మాటకి తావు లేకుండా చేశారు. ఫోర్స్‌బర్గ్‌కి హార్ట్ ట్రోఫీ ఒక్కటే, పాయింట్లలో మొదటి స్థానమూ ఒక్కసారే. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

ఇక ఆ పెద్ద బేరంలో ఫోర్స్‌బర్గ్‌కి మారుగా వెళ్లిన లిండ్రోస్ సంగతికొస్తే, 760 మ్యాచ్‌లు, 865 పాయింట్లు, ఒక హార్ట్ ట్రోఫీ, కప్పు సున్నా. 2000లో ప్రత్యర్థి ఆటగాడు స్కాట్ స్టీవెన్స్ గుద్దుడుతో కుప్పకూలేనాటికే తలకి ఎన్నో దెబ్బలు తగిలి ఉన్నాయి. ఫోర్స్‌బర్గ్ 2014లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్తే, లిండ్రోస్ 2016 దాకా ఆగాల్సి వచ్చింది.

మొన్న ఫోనులో అడిగాను: "సరే బావా, ఏడో మ్యాచ్ ఒక్కటే ఉంది. సాకిక్, ఫోర్స్‌బర్గ్ ఇద్దర్లో ఎవర్ని దింపుతావ్?" కాసేపు గొణిగి, "ఒక్క మ్యాచ్‌కైతే ఫోర్స్‌బర్గే. పదేళ్ల కాంట్రాక్టుకైతే సాకిక్ సంతకమే కావాలి" అన్నాడు. నా జాబితాలోనూ సెంటర్లలో (ముందు వరస మధ్యలో ఆడేవాళ్లలో) సాకిక్ తర్వాతే ఫోర్స్‌బర్గ్, పదిలో లేడు, ఇరవైలో ఉన్నాడు. బావ అతన్ని ముప్ఫై దాటిస్తాడు. నా పేషెంట్లు అయిదులో పెడతారు. ఈ వారం ఒకాయన మూడన్నాడు. మోకాలు ఇంకో పది డిగ్రీలు వంచాను, అయినా మాట మార్చలేదు.