నల్ల మిషను సొరుగులోని చిన్న పనిముట్లు

గూడూరు నుంచి కాట్పాడికి పోయే రైలు మార్గమూ, గుంతకల్లు నుంచి చెన్నైకి పోయే మార్గమూ కలిసే రేణిగుంట జంక్షన్ చుట్టూ బట్టను నమ్ముకుని బతికే ఊళ్ళు ఉన్నాయి. గూడూరు దారిలో శ్రీకాళహస్తి కలంకారీ, వెంకటగిరి నూలు చీరలు ప్రసిద్ధమైతే, చెన్నై వైపు అరక్కోణం దారిలో పుత్తూరు, నగరి, ఏకాంబరకుప్పం మరమగ్గాలకు పేరుపడ్డాయి. మగ్గం దిగిన గుడ్డ ఒంటి మీదికి రావాలంటే అంచు మడవాలి, కుచ్చులు పెట్టాలి, పైపింగ్ వెయ్యాలి, కాజాలు తియ్యాలి. తిన్నని కుట్టు తప్ప మరొకటి వెయ్యలేని పాత కాలు మిషను చేతనే ఈ పనులన్నీ చేయించడానికి తయారైన చిన్న పనిముట్లను అటాచ్‌మెంట్లు అంటారు. తాతల నాటి నల్ల మిషన్ల బల్ల సొరుగుల్లో, దారపు ఉండల అడుగున, వంకర తిరిగిన రేకులూ మరలూ ఉన్న డబ్బా దొరికితే అది చెత్త అని పాత ఇనుముకు వెయ్యడం సరికాదు, ఎందుకంటే వాటిలో చాలా భాగం నేటికీ పనిచేస్తాయి.

ఐజాక్ మెరిట్ సింగర్ తన కుట్టుమిషనుకు అమెరికాలో పేటెంటు పొందింది 1851లో. ఆ తరువాతి దశాబ్దాలలో కంపెనీలు మిషనును మార్చడంతో పాటు, దాని ఫుట్‌ను, అంటే గుడ్డను పళ్ళ మీద అదిమి పట్టే పాదాన్ని, విప్పి ఆ స్థానంలో బిగించగల పనిముట్లను కనిపెట్టడం మీద కూడా శ్రద్ధ పెట్టాయి. మడత విప్పితే పలకలా పరుచుకుని, మూస్తే పెట్టెగా మారే సింగర్ చెక్క డబ్బాలో ప్రతి అటాచ్‌మెంటుకూ దాని చోటు దానికి ఉంటుంది. 1889 నాటి పేటెంటు తేదీ ముద్రించి ఉన్న ఈ డబ్బాను సేకరించేవారు పజిల్ బాక్స్ అని పిలుస్తారు, నిండుగా ఉన్న పెట్టె దొరికితే ఎంతో అపురూపంగా చూసుకుంటారు.

వీటన్నిటిలో అందరికీ ఉపయోగపడేది హెమ్మర్ ఫుట్. దాని ముందు భాగంలో శంఖంలా మెలి తిరిగిన సన్నని రేకు ఉంటుంది. గుడ్డ అంచు ఆ మెలికలోకి వెళ్ళేటప్పుడు ఒకసారి, లోపల మరొకసారి మడత పడి, పచ్చి అంచు పూర్తిగా దాగిపోయిన తరువాతనే సూది కిందికి చేరుతుంది. కుట్టేవారు మొదటి రెండు అంగుళాల అంచును చేతితో మడిచి నలిపి, దారపు కొసలను వెనక్కి లాగి పట్టుకుని, గుడ్డను కొంచెం ఎడమకు ఎత్తి ఒకే వెడల్పున అందిస్తూ పోతే ఎక్కడా వంకర లేని సన్నని మడత కుట్టు పడుతుంది. ఎక్కువ అందిస్తే మెలికలో గుడ్డ ఇరుక్కుంటుంది, తక్కువ అందిస్తే పచ్చి అంచు బయటికి వస్తుంది. ఈ నేర్పు రావడానికి పాత గుడ్డ ముక్కల మీద కొంత సాధన కావాలి. వెంకటగిరి నూలు చీర కొంగుకు పికో కుట్టించడం నేడు అలవాటుగా మారినా, పలచని నూలు గుడ్డ మీద హెమ్మర్ వేసే చదునైన మడతకే అందమూ మన్నికా ఎక్కువ. జారిపోయే సింథటిక్ చీరలకు మాత్రం పికోయే మేలు.

యంత్రంగా చూస్తే అన్నిటికన్నా ముచ్చటైనది రఫ్లర్, అంటే కుచ్చులు పెట్టే అటాచ్‌మెంటు. దాని చీలిన చెయ్యి సూదిని పట్టి ఉంచే మర మీద కూర్చుంటుంది కనుక సూది పైకీ కిందికీ కదిలినప్పుడల్లా అదీ ఊగుతూ లోపలి పళ్ళ చక్రాన్ని కదిలిస్తుంది. ఆ కదలికతో నీలి ఛాయ గల ఉక్కు రేకు ఒకటి ముందుకు జరిగి, తన చివరనున్న సన్నని పళ్ళతో గుడ్డను సూది వైపు నెట్టి ఒక మడత పెడుతుంది. పై భాగంలో 1, 6, 12 అంకెలు గల మీట ఉన్న రకంలో 1 దగ్గర పెడితే ప్రతి కుట్టుకూ, 6 దగ్గర ఆరు కుట్లకు ఒకసారి, 12 దగ్గర పన్నెండు కుట్లకు ఒకసారి మడత పడుతుంది. మడత ఎంత లోతుగా ఉండాలో వేరొక మర నిర్ణయిస్తుంది. పళ్ళు లేని మరో రేకు అడుగున ఉండి కింది గుడ్డను మడత పడకుండా కాపాడుతుంది కనుక, ఫ్రిల్లుకు కుచ్చులు పెట్టడమూ, దాన్ని గౌనుకు కలిపి కుట్టడమూ ఒకే నడకలో పూర్తవుతాయి. ఆడపిల్లల నూలు పావడాలకూ, దిండు గలీబుల అంచులకూ ఇది చక్కగా పనిచేస్తుంది. పట్టు మీద, జరీ మీద పళ్ళ గుర్తులు పడవచ్చు కనుక అటువంటి బట్టకు చేతి కుచ్చులే క్షేమం.

బైండర్ అనే పనిముట్టు ఏటవాలుగా కత్తిరించిన పట్టీని గరాటు వంటి రేకు గుండా మడిచి గుడ్డ అంచును రెండు వైపులా కప్పుతుంది. టక్కర్ ఒక టక్కును కుడుతూనే తరువాతి టక్కు పడవలసిన చోట గీత నొక్కి చూపిస్తుంది. ఎడ్జ్ స్టిచర్ తన సన్నని చీలికల సాయంతో లేసును అంచుకు ఆనించి సరిగ్గా కొస మీదే కుట్టు పడేలా చేస్తుంది.

కాజాల అటాచ్‌మెంటు పని తీరు వీటికి భిన్నమైనది. సూది పక్కకు కదలలేని మిషనులో గుడ్డనే పక్కకు కదిలించాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. మిషను పళ్ళ మీద ఒక మూత పలకను బిగించి వాటిని గుడ్డకు తగలకుండా చేస్తే, అటాచ్‌మెంటు తన సొంత బిగింపుతో గుడ్డను పట్టుకుని, అటూ ఇటూ ఊపుతూ కాజా ఆకారం చుట్టూ తిప్పుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సింగర్, గ్రైస్ట్ కంపెనీల పేర్లతో వ్యాప్తిలోకి వచ్చిన రకంలో కాజా పొడవునూ ఆకారాన్నీ లోపల అమర్చే లోహపు అచ్చు నిర్ణయిస్తుంది కనుక, చొక్కాకు ఎన్ని కాజాలు తీసినా అన్నీ ఒకే కొలతలో వస్తాయి. రెండు చుట్లు కుట్టి, ఆ తరువాతే మధ్యలో చీల్చాలి. అచ్చులూ మూత పలకా లేకుండా దొరికిన పెట్టెకు ఎక్కువ వెల పెట్టడం దండగ.

ఈ పాత పనిముట్లు మన ఇళ్ళలో ఇంకా పనికి రావడానికి కారణం మిషన్ల వంశంలో ఉంది. 1930లలో కలకత్తాలో జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ తయారు చెయ్యడం మొదలుపెట్టిన ఉషా మిషన్లలో సర్వసాధారణమైన నల్ల రకం సింగర్ 15వ తరగతి నమూనాను అనుసరించినదే. యంత్రాల మీద అంత వ్యతిరేకత చూపిన గాంధీజీ సైతం 1924లో సింగర్ మిషనును మినహాయింపుగా పేర్కొన్నారంటే ఇంటి జీవితంలో దానికున్న చోటు అర్థమవుతుంది. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో 1980లో మూతపడిన సింగర్ కిల్బోవీ కర్మాగారంలో తయారైన 15కే మిషనుకు చేసిన హెమ్మర్‌ను సాధారణంగా ఉషా మిషనుకు కూడా నేరుగా బిగించవచ్చు.

అయితే పేరు చూసి కొనడం కన్నా కొలిచి కొనడం మంచిది. ఫుట్‌ను కిందికి దించి, సూది కింది పలక నుంచి ఫుట్‌ను బిగించే మర నడిమి వరకు కొలిస్తే అర అంగుళానికి కొంచెం అటూ ఇటూగా ఉన్నవి లో షాంక్ మిషన్లు. అంగుళం, అంతకు పైన ఉంటే అవి హై షాంక్. దర్జీ దుకాణాలలో నేడు కనిపించే జూకీ, జాక్ వంటి పవర్ మిషన్లు లో షాంక్ కావు కనుక ఇంటి మిషను అటాచ్‌మెంట్లు వాటికి సరిపోవు. అమెరికాలో తయారైన సింగర్ 66 రకాలు కొన్నింటికి ఫుట్ పక్క నుంచి కాక వెనుక నుంచి బిగుస్తుంది. సింగర్ వారి అసలు భాగాల మీద సిమాంకో అనే ముద్ర, దాని పక్కన భాగం సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యను బట్టి ఏది ఏ మిషనుకు చెందినదో తేల్చవచ్చు.

పాత నల్ల మిషన్లను అలంకారానికి కొనే అలవాటు ఈ మధ్య పెరిగింది. బ్రిటన్‌కు చెందిన ఆల్‌సెయింట్స్ దుకాణాలు తమ అద్దాల కిటికీల నిండా వాటిని వరుసలుగా పేర్చి ప్రసిద్ధి పొందాయి. అలా మిషను ఒక చోటికీ దాని డబ్బా మరో చోటికీ చెదిరిపోతే రెండూ సగం విలువ కోల్పోతాయి కనుక, సేకరించేవారు మిషను క్రమసంఖ్యను ఒక చీటీ మీద రాసి డబ్బాలోనే ఉంచడం మంచి పద్ధతి.

బిగుసుకుపోయిన భాగాలను బలవంతంగా తిప్పకూడదు. కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోమి, పూర్తిగా తుడిచి ఆరిన తరువాత కదిలే ప్రతి చోటా ఒక్కొక్క చుక్క మిషను నూనె వెయ్యాలి. దాని బదులు కొబ్బరి నూనె వేస్తే అది కొన్నాళ్ళకు జిగురుగా గట్టిపడి రఫ్లర్ చక్రాన్ని బిగించేస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే నికెల్ పూత పోయి తుప్పు మరింత త్వరగా పడుతుంది. బిగించిన తరువాత మిషను తొక్కే ముందు చక్రాన్ని చేతితో రెండు మూడు చుట్లు నెమ్మదిగా తిప్పి, సూది ఎక్కడా రేకుకు తగలడం లేదని చూసుకోవాలి. తగిలితే సూది విరగడమే కాక, ఆ రేకు మీద పడిన గీత తరువాత కుట్టే ప్రతి గుడ్డ దారాన్నీ లాగుతుంది.