సీసా మీది చిన్న అక్షరాలు

పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే మా హాస్టల్లో రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. మాకన్నా ముందు ఇక్కడ చదివిన అన్నలు నిద్రొస్తే కుళాయి దగ్గరికెళ్లి మొహం కడుక్కునేవారట. లేకుంటే తలా రూపాయి వేసుకుని ఫ్లాస్కులో టీ తెప్పించుకునేవారట. ఇప్పుడు ఆ టీ స్థానంలోకి ఎనర్జీ డ్రింకు సీసా వచ్చింది. "ఇది తాగితే నిద్ర రాదురా" అని ఒకరంటే చాలు, 7వ తరగతి తమ్ముళ్లు కూడా కొనుక్కొస్తున్నారు. అసలు అందులో ఏముందో తెలుసుకుందామనుకున్నాము.

అందులో పనిచేసేది కెఫీన్. టీ, కాఫీ, కోలా, చాక్లెట్లలో ఉండేదే. మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. "అలసిపోయావు, ఇక పడుకో" అని చెప్పేది అదే. కెఫీన్ వెళ్లి దాని చోట్లో కూర్చుంటుంది. అంటే అలసట పోదు, అలసట కబురు మాత్రం మనకు అందదు. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికి పెద్దవాళ్లకే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 9 గంటలకు తాగితే 2 గంటలకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. తెల్లవారుజామున స్టడీలో పుస్తకం మీద తూగడానికి అదొక కారణం. గుండె దడ, చేతుల వణుకు సరేసరి.

మరి ఎంతవరకు పరవాలేదు? పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల దాకా భయం లేదని 2015లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెప్పింది. 30 కిలోల తమ్ముడికి అది 90. మన దేశ నిబంధనల ప్రకారం ఇలాంటి పానీయాల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చు. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 దాకా. సాయంత్రం టీ కూడా తాగాడంటే లెక్క పూర్తయినట్లే. సీసా మీద "రోజుకు 500 మిల్లీలీటర్లు మించరాదు" అని ఉంటుంది. అది చూసి "అయితే రెండు తాగొచ్చు" అన్నవాడు మాలోనే ఉన్నాడు! ఆ మాట పెద్దవాళ్ల కోసం. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగడం మంచిది కాదని అదే సీసా మీద రాసి ఉంటుంది.

ఉంటుంది గానీ ఏ భాషలో? మన చట్టం ప్రకారం లేబుల్ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు కంపెనీ ఇష్టం. పైగా అక్షరాలు చీమల బారులా ఉంటాయి. ఎవరిని కాపాడాలని ఆ వాక్యం రాశారో వాళ్లే దాన్ని చదవలేరు. "పిల్లలకు తగదు" అని రాయమన్న నిబంధన, పిల్లలకు అమ్మవద్దని దుకాణదారుకు చెప్పడం లేదు. లిథువేనియా 2014లో, లాట్వియా 2016లో, పోలండ్ 2024లో 18 ఏళ్ల లోపు వారికి వీటిని అమ్మకూడదని చట్టమే అమలులోకి తెచ్చాయి. అక్కడ వయసు చూడవలసింది అమ్మేవాడు. ఇక్కడ ఆ బాధ్యతంతా 7వ తరగతి పిల్లవాడిదే.

ఆ హెచ్చరికను పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి మెస్ దగ్గర బోర్డుకు అంటించాము. రోడ్డవతలి దుకాణం అన్నకూ ఒక కాగితం ఇచ్చాము. ఫ్రిజ్ తలుపుకు అంటిస్తానన్నాడు. ఇంకా అంటించలేదు, మళ్లీ వెళ్లి అడగాలి.