కోడిపిల్ల నీరసపడిందా? ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మేత

పెరట్లో పెట్ట 21 రోజులు పొదుగు మీద కూర్చుంది. 12 గుడ్లు పెడితే 9 పిల్లలయ్యాయి. రెండో రోజు పొద్దున్నే గంప ఎత్తి చూస్తే 8 పిల్లలు తల్లి వెంట పరుగెత్తాయి. ఒకటి మాత్రం మూలన కళ్లు మూసుకుని, రెక్కలు వేలాడేసి నిలబడిపోయింది. "అమ్మీ, అది చచ్చిపోతుందా?" అని పిల్లలు ఏడుపు మొహం పెడతారు. దాదీ పసుపు నీళ్లు తాగించమంటుంది. పక్కింటివాళ్లు సగం జ్వరం బిళ్ల అరగదీసి పోయమంటారు. ఇంతలో ఎవరో ఒకరు పాలలో అన్నం పిసికి నోట్లో కుక్కుతారు. సాయంత్రానికి పిల్ల పోతుంది.

పట్నంలో కథ కొంచెం వేరు. బడి దగ్గర అట్టపెట్టెలో గులాబీ, పచ్చ రంగులు వేసి అమ్మే కోడిపిల్లను పిల్లలు కొనుక్కొస్తారు. అవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీల్లో పనికిరావని పక్కకు తీసిన మగపిల్లలు. రంగు నీళ్లలో తడిసి, తల్లి వెచ్చదనం లేక, ఎండలో, దుమ్ములో తిరిగి ఇంటికి వచ్చేసరికే సగం ప్రాణంతో ఉంటాయి.

రెండు చోట్లా జరిగే పొరపాటు ఒక్కటే. పిల్ల డల్‌గా ఉందంటే ఆకలి అనో, జ్వరం అనో అనుకుంటాం. మొదటి వారంలో నీరసపడే పిల్లల్లో చాలావాటికి అసలు సమస్య చలి, ఆ తర్వాత దాహం. ఈ రెండూ ఇంట్లోనే సరిచేయవచ్చు.

మొదటి పని: వేడి

కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. అప్పుడే పుట్టిన పిల్ల ఆ వేడిని సొంతంగా నిలుపుకోలేదు. ఒంటిమీద నూగు తప్ప ఈకలు ఉండవు. అందుకే తల్లి రెక్కల కింద దూరుతుంది. తల్లి లేకపోతే మొదటి వారం పిల్ల ఉండే చోట సుమారు 35 డిగ్రీల వేడి ఉండాలి. తర్వాత ప్రతి వారం 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు.

ఒక అట్టపెట్టె తీసుకుని అడుగున వరి ఊక గానీ, పాత నూలు గుడ్డ గానీ పరవండి. పెట్టెలో ఒక పక్కన మాత్రమే, పిల్లకు మూరెడు ఎత్తులో 60 వాట్ల పాతకాలం పసుపు బల్బు వేలాడదీయండి. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది కానీ పిల్లకు కావలసిన వేడి ఇవ్వదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. బల్బు అట్టకూ, గుడ్డకూ తగలకుండా గట్టిగా కట్టాలి, లేకపోతే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. రెండో పక్క చల్లగా వదిలేస్తే పిల్ల తనకు కావలసిన చోటు తానే వెతుక్కుంటుంది.

థర్మామీటర్ లేకపోయినా పిల్లే చెబుతుంది. బల్బు కిందకి దూరి ఆపకుండా కీచుమంటుంటే చలి. దూరంగా జరిగి, నోరు తెరిచి, రెక్కలు దూరంగా పెట్టి రొప్పుతుంటే వేడి ఎక్కువ. హాయిగా పడుకుని, మధ్యలో లేచి తిరుగుతుంటే సరిపోయినట్టు. కరెంటు పోతే సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టొద్దు. ఆ గాలి పిల్లకే కాదు, ఇంట్లోవాళ్లకూ ప్రాణాంతకం.

రెండో పని: నీళ్లు

ఒళ్లు చల్లగా ఉన్న పిల్లకు ఏదీ తాగించొద్దు. ముందు వెచ్చబడాలి. కళ్లు తెరిచి కాస్త కదిలాక, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా చక్కెర కలిపి, ముక్కు కొస మాత్రమే తాకించండి. పైనున్న శ్వాస రంధ్రాలు మునగకూడదు. డ్రాపర్‌తో గొంతులోకి పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు పక్కన ఒక్కో చుక్క అంటిస్తే పిల్ల తానే మింగుతుంది. చక్కెర నీళ్లు మొదటి రోజుకే. తర్వాత మామూలు శుభ్రమైన నీళ్లు గానీ, కోళ్ల మందుల షాపులో దొరికే ఎలక్ట్రోలైట్ పొడి కలిపిన నీళ్లు గానీ చాలు. నీళ్ల పళ్లెం లోతు లేకుండా చూసి, అందులో చిన్న గులకరాళ్లు వేయండి. బలహీనమైన పిల్ల అరంగుళం నీళ్లలో కూడా మునిగి పోతుంది.

మూడో పని: మేత

పుట్టిన మొదటి రోజు పిల్ల తినడం లేదని కంగారు పడక్కర్లేదు. గుడ్డులో మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కునే అది బయటికి వస్తుంది. రెండు రోజుల వరకు ఆ శక్తి సరిపోతుంది. హేచరీల వాళ్లు ఒక రోజు పిల్లల్ని పెట్టెల్లో దూర ఊళ్లకు పంపగలిగేది అందుకే.

ఆ తర్వాత చిక్ స్టార్టర్ మేత మంచిది. దొరక్కపోతే ఒకటి రెండు రోజులు మెత్తగా దంచిన మొక్కజొన్న, నూకలతో పాటు ఉడికించిన గుడ్డు పచ్చసొన చిటికెడు నలిపి పెట్టవచ్చు. వట్టి నూకలే వారాల తరబడి పెడితే మాంసకృత్తులు, విటమిన్లు చాలక కాళ్లు వంకరపోతాయి, ఎదుగుదల ఆగిపోతుంది. పాలు, ఉప్పు కారం కలిసిన అన్నం, మిగిలిన బిర్యానీ అసలు పెట్టొద్దు.

లక్షణాన్ని బట్టి ఏం చేయాలి

వెనక రెట్ట ఎండి అంటుకుపోవడం: ఇది చాలా మామూలుగా కనిపిస్తుంది. దారి మూసుకుపోతే పిల్ల రెట్ట వేయలేక చనిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో మెత్తబడేదాకా అద్ది, మెల్లగా తుడవండి. లాగితే చర్మం చీలుతుంది. తర్వాత పూర్తిగా ఆరబెట్టి, కొద్దిగా కొబ్బరినూనె రాయాలి. కడుపు కింద ఎండిన దారంలా ఉండేది బొడ్డు, దాన్ని రెట్ట అనుకుని పీకొద్దు.

కాళ్లు రెండు పక్కలకీ జారిపోవడం: న్యూస్ పేపర్, టైల్స్ లాంటి నున్నటి నేల దీనికి ఒక ముఖ్య కారణం. బ్యాండేజీ పట్టీని సన్నగా కత్తిరించి, రెండు కాళ్లూ సహజంగా నిలబడే దూరంలో ఉండేలా కట్టాలి. నేల గరుకుగా మార్చాలి. మొదటి రెండు మూడు రోజుల్లోనే కడితే చాలా పిల్లలు వారంలోపు నడుస్తాయి. ఆలస్యం చేస్తే కష్టం.

బొడ్డు తడిగా, ఉబ్బి, వాసన రావడం: ఇది ఇన్ఫెక్షన్. బొడ్డు మీద పోవిడోన్ అయోడిన్ అద్ది, పిల్లను మిగతావాటి నుంచి వేరు చేయండి. ఇందులో బతికేవి తక్కువే. పొదిగే చోటు, గుడ్లు మురికిగా ఉంటే వస్తుంది కాబట్టి, తర్వాతి పొదుగుకి గంపలో గడ్డి మార్చడం మరిచిపోవద్దు.

రెట్టలో రక్తం: సాధారణంగా మూడు వారాలు దాటిన పిల్లల్లో, ఊక తడిగా ఉన్నచోట కాక్సీడియోసిస్ వస్తుంది. దీనికి మందు ఉంది, కానీ మోతాదు పశువైద్యుడే చెప్పాలి.

మెడ తిరిగిపోవడం, ఆకుపచ్చ విరేచనాలు, గురక: కొక్కెర తెగులు కావచ్చు. దీన్ని నయం చేసే మందు లేదు, ముందుగా వేయించే టీకా ఉంది. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా టీకా చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ వేస్తారు. టీకా సీసాను ఐస్‌లో తెచ్చి, కలిపిన వెంటనే వాడేయాలి.

మనుషుల బిళ్లలు, మిగిలిపోయిన యాంటీబయాటిక్స్ ఏ లక్షణానికీ వాడొద్దు. పిల్ల బరువు 40 గ్రాముల దగ్గర ఉంటుంది. సగం బిళ్ల దానికి మందు కాదు, విషం.

వేరు చేయడం ఎందుకు?

లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ఒక పిల్ల పోతే నష్టం చిన్నదే. దాని రోగం మిగతా 8 పిల్లలకూ అంటితే పోయేది మొత్తం పొదుగు. వాటిలో సగం పెట్టలైనా, రేపటి గుడ్లు, ఆ గుడ్ల మీద ఇంటి ఆడవాళ్లు చేసుకునే చిన్న పొదుపు అన్నీ పోతాయి. పైగా బలహీనంగా ఉన్న పిల్లను మిగతావి పొడుస్తాయి కూడా. అందుకే వేరు పెట్టె, వేరు పళ్లెం. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటికి మేత వేసి, ఆఖర్న జబ్బు పిల్ల దగ్గరికి వెళ్లాలి.

ఫజర్‌కి లేచినప్పుడు ఒకసారి, ఇషా తర్వాత పడుకునే ముందు ఒకసారి, మధ్యలో రెండు మూడు సార్లు పెట్టె చూస్తే చాలు. గంట గంటకీ చేతిలోకి తీసుకుంటే పిల్ల ఇంకా అలిసిపోతుంది. చలి వల్లో, కాళ్ల వల్లో నీరసపడిన పిల్ల కోలుకున్నాక, రాత్రి చీకట్లో తల్లి రెక్క కిందకి మెల్లగా జారవిడిస్తే పెట్ట మళ్లీ చేరనిస్తుంది. పగలు వదిలితే పొడిచే అవకాశం ఎక్కువ.

ఇంట్లోవాళ్ల జాగ్రత్త

ఆరోగ్యంగా కనిపించే కోడిపిల్ల రెట్టలో కూడా సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ పిల్లల చేతులు సబ్బుతో కడిగించాలి. ముద్దులు పెట్టడం, పెట్టెను వంటగదిలో ఉంచడం వద్దు. అయిదేళ్ల లోపు పిల్లల్ని దూరం ఉంచడమే మేలు.

ఒకేసారి చాలా కోళ్లు హఠాత్తుగా చనిపోతే చేతులతో ముట్టుకోవద్దు, పారేయొద్దు. వెంటనే దగ్గరి పశువైద్యశాలకు చెప్పాలి. ఏపీ, తెలంగాణ రెండింటిలోనూ సంచార పశువైద్య సేవలకు 1962 నంబరు ఉంది. మామూలుగా ఒక పిల్ల చనిపోయినా కాలువలో, చెత్తకుప్పలో వేయకుండా, సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. కుక్కలు తవ్వితే రోగం ఊరంతా తిరుగుతుంది.

అన్నీ చేసినా కొన్ని పిల్లలు బతకవు. పుట్టుకతోనే లోపం ఉన్నవాటికి ఎవరూ ఏమీ చేయలేరు. అప్పుడు ఇంట్లో పిల్లలకి "ఎగిరిపోయింది" అని అబద్ధం చెప్పే బదులు, ఉన్నమాట చెప్పడం మంచిది. ఆ రెండు రోజులూ దాన్ని వెచ్చగా ఉంచింది, నీళ్ల చుక్క అందించింది వాళ్లే. నోరులేని ప్రాణి మన చేతిలో అమానత్ అన్న మాట, ఆ పెట్టె దగ్గర కూర్చున్నప్పుడే వాళ్లకు అర్థమవుతుంది.