వార్తల్లో పదం: స్ప్రింగ్ వీక్
లండన్ పెట్టుబడి బ్యాంకులు డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులకు ఈస్టర్ సెలవుల ప్రాంతంలో ఇచ్చే చిన్న పరిచయ శిక్షణ ఇది. ఇందులో మెప్పిస్తే మరుసటి ఏడాది వేసవి ఇంటర్న్‌షిప్‌కు, అక్కడి నుంచి ఉద్యోగానికి దారి పడుతుంది. చిక్కంతా గడువుతోనే. కాలేజీలో చేరిన కొద్ది వారాల్లోనే దరఖాస్తులు మొదలవుతాయి. బంధువుల్లో బ్యాంకరున్న పిల్లలకు ఆ సంగతి ముందే తెలుస్తుంది. ఇంట్లో తొలిసారి డిగ్రీ చదువుతున్న అమ్మాయికి తెలిసేసరికి తలుపులు మూసేస్తారు. ఆమె తెలివిలో లోటేమీ లేదు, చెప్పేవాళ్లే లేరు. ఇది అన్యాయం. 2000లో మొదలైన ఎస్ఈఓ లండన్ అనే స్వచ్ఛంద సంస్థ పేద, మైనారిటీ వర్గాల విద్యార్థులకు దరఖాస్తు నుంచి ఇంటర్వ్యూ దాకా తర్ఫీదిస్తోంది. దీనికి మూలమైన న్యూయార్క్ సంస్థ 1963లో పుట్టింది. బ్రిటన్ వెళ్లే తెలుగు విద్యార్థుల్లో చాలామంది ఏడాది మాస్టర్స్‌లో చేరతారు కనుక ఈ తొలి మెట్టు వారికి అందదు.