పచ్చ లైట్ పైపైనే ఆగిపోతుంది.. మరి ఇన్‌ఫ్రారెడ్ లోపలి దాకా ఎలా వెళ్తుంది?

అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 3550 మెట్లు. మా తిరుపతి కుర్రాళ్లలో చాలామంది ఇప్పుడు స్మార్ట్‌వాచ్ పెట్టుకునే ఎక్కుతున్నారు. నడుస్తున్నంతసేపూ వాచ్ వెనక వెలిగేది పచ్చ లైట్. గాలిగోపురం దగ్గర కూర్చుని ఆక్సిజన్ రీడింగ్ నొక్కితే మాత్రం ఎర్ర లైట్, దాంతోపాటు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతాయి. పచ్చ కాంతిని రక్తం బాగా పీల్చుకుంటుంది. గుండె వేగం లెక్కకు అది చాలు, కానీ లోతుకు పోదు. ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ ఇంకాస్త లోపలికి వెళ్తాయి.

నమ్మకపోతే రాత్రి గదిలో లైట్లు ఆపేసి ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టండి. లోపలికి వెళ్లింది తెల్ల కాంతి, బయటికొచ్చేది ఎరుపే. దాదాపు 650 నుంచి 1350 నానోమీటర్ల మధ్య కాంతిని మన కండ, రక్తం తక్కువగా పీల్చుకుంటాయి. ఆ పైన నీళ్లు అడ్డుపడతాయి.

అయితే వేలు ఎర్రగా వెలుగుతుంది గానీ లోపల ఎముక కనిపించదు కదా! అసలు చిక్కు ఇదే. కాంతి దాటుతుంది, కానీ దారిలో చెల్లాచెదురైపోతుంది. చలికాలం పొగమంచులో ఘాట్ రోడ్డు మీద హైబీమ్ వేస్తే ఏమవుతుంది? వెలుగంతా తిరిగి మన కళ్లలోనే కొడుతుంది. (పోలిక ఇక్కడి వరకే. మంచు బిందువులు పెద్దవి, అక్కడ ఇన్‌ఫ్రారెడ్ పెద్దగా ఒరగబెట్టదు. కణాల్లోని భాగాలు చాలా చిన్నవి కాబట్టి ఒంట్లో పనిచేస్తుంది.) కాబట్టి లైట్ పెంచినా, మెగాపిక్సెల్స్ పెంచినా లాభం లేదు.

దీనికి 1990లో కార్నెల్ యూనివర్సిటీలో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ చూపించిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది. నీలి కాంతి తగిలితే మెరిసే రంగు పదార్థాన్ని కణాల్లో పెడతారు. కానీ నీలి కాంతి బదులు దానిలో సగం శక్తి ఉన్న ఇన్‌ఫ్రారెడ్ లేజర్ వేస్తారు. ఒకే అణువుకు రెండు ఫోటాన్లు ఒకేసారి తగిలితేనే అది మెరుస్తుంది. అంత రద్దీ ఉండేది లేజర్ ఫోకస్ అయిన చుక్క దగ్గరే. పైనా కిందా చీకటే. అందుకే వచ్చిన మెరుపు దారిలో ఎటు చెదిరినా పర్లేదు, అది పుట్టిన చోటు మనకు ముందే తెలుసు. కెమెరా సెన్సర్ అక్కర్లేదు. ఒక్క డిటెక్టర్ పెట్టి, చుక్క చుక్కగా స్కాన్ చేస్తే బొమ్మ తయారు. ఇది కుదరడానికి లేజర్ ఒక్కో మెరుపు 100 ఫెమ్టోసెకన్లంత చిన్నదిగా ఉండాలి, అందుకే ఈ మైక్రోస్కోపులు అంత ఖరీదు.

మామూలు మైక్రోస్కోపు 0.1 మిల్లీమీటరు దగ్గరే మసకబారే చోట, ఇది అర మిల్లీమీటరు పైన చూస్తుంది. 2013లో అదే కార్నెల్‌లో క్రిస్ షూ బృందం మూడు ఫోటాన్లతో, 1700 నానోమీటర్ల దగ్గర, బతికున్న ఎలుక మెదడులో పైపొర కింద ఉండే హిప్పోకాంపస్‌ను కోయకుండానే చూసింది. ఆ పైపొర మందం ఒక మిల్లీమీటరు లోపే!

లక్షల డాలర్ల లేజర్‌కే లోతు ఇంత కష్టమైతే, రెండు వేల రూపాయల వాచ్ ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీతో రక్తంలో షుగర్ చెప్తానంటే నేనైతే నమ్మను. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచ్‌లు, రింగులు వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పు రీడింగ్ చూసి ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో షుగర్ ఉన్న అమ్మకో నాన్నకో అలాంటిది గిఫ్ట్ ఇద్దామనుకుంటే, ఆ డబ్బుతో మామూలు గ్లూకోమీటర్, స్ట్రిప్స్ కొనివ్వండి.