తలమీద గంప, వెనకాల కారు

శుక్రవారం అరకు సంత. కొండల మీద ఊళ్ల జనం తెల్లారకుండానే దిగుతారు. చలికాలంలో టూరిస్టు కార్లూ అదే రోడ్డు మీద. "వీళ్లకి రోడ్డు మీద నడవడం రాదు" అంటారు కార్లోళ్లు. ఈ మాట మన కుర్రాళ్ల నోటా వింటన్నాను, బండి కొన్నకాడినుంచి మరీను.

కొండదారి అడుగు వెడల్పే. అక్కడ చూసుకోవాల్సింది కాలికింద రాయిని, ఎదురొచ్చే పశువుని. వెనకనుంచి అరవై స్పీడులో ఏదీ రాదు. తలమీద గంప ఉన్న అమ్మ మెడ తిప్పలేదు, చూడాలంటే ఒళ్లంతా తిరగాలి. కావిడి మోసేవోడు తిరిగితే కావిడి కొస రోడ్డు మధ్యకి పోతాది. అప్పుడు వెనకాల హారన్ కొడితే ఏటవుతాది? బెదిరి తిరుగుతాడు, కారుకి అడ్డంగా. హారన్ కొట్టినోడు మాత్రం తన పని అయిపోయిందనుకుంటాడు.

అరవైలో పోయే కారు సెకనుకి దగ్గరదగ్గర 17 మీటర్లు పోతాది. మనిషిని చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికే ఓ సెకను పడుతుంది. ముప్పైలో అయితే ఆ సెకనులో 8 మీటర్లే. ఇరవై మీటర్ల అవతల ఏటుందో కనబడని మలుపులో ఇది చిన్న తేడా కాదు.

రోడ్డు కంటే ముందే కాలిదారి ఉంది. రోడ్డు దాన్ని అడ్డంగా కోసింది. వాలు దిగిన దారి పొదల్లోంచి నేరుగా తారు మీద తేలుతాది, చాలాచోట్ల బోర్డయినా ఉండదు. ఇప్పుడు రాజమండ్రి నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ హైవేని వెడల్పు చేస్తున్నారు. వేగం పెరుగుతాది, దాటాల్సిన దూరమూ పెరుగుతాది.

సిగ్నల్ లేని క్రాసింగ్ దగ్గర ముందు హక్కు నడిచేవోడిదేనని 2017 డ్రైవింగ్ నిబంధనలు చెప్తున్నాయి. ఫుట్‌పాత్ హక్కు 21వ అధికరణలో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టూ అంది. క్రాసింగ్ గీతే లేని చోట ఆ హక్కు ఎక్కడ నిలబడుతుంది?

ఈలోగా మన పెద్దోళ్లకి ఒకటి చెప్పండి, కసరకుండా. కుడిపక్కన, ఎదురొచ్చే బండిని చూస్తూ నడిస్తే మెడ తిప్పక్కర్లేదు. కుడికి తిరిగే గుడ్డిమలుపులో మాత్రం లోపలి అంచున ఉన్న మనిషి డ్రైవరుకి కనబడడు, ముందే అవతలికి మారాలి.

మీ చేతుల్లో ఫోన్లున్నాయి. కాలిదారి రోడ్డుని తాకే ప్రతిచోటా ఫొటో తీయండి, కిలోమీటరు రాయి నంబరు రాయండి. గ్రామసభలో తీర్మానం చేసి పాడేరు కలెక్టరాఫీసుకి పంపండి. బోర్డు, క్రాసింగ్, అంచున మీటరు గట్టినేల అడగండి. పని అవ్వని చోట ఇప్పుడే అడగాలి. తారు పోసేశాక "మళ్లీ టెండరు పిలవాల" అంటారు.