పేగుల్లో కాపలాదారులు

కాలిలో ముల్లు దిగితే మరునాటికి ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. ముల్లుతోపాటు లోపలికి వచ్చిన సూక్ష్మజీవులతో మన రక్షక కణాలు చేసే పోరాటమిది. దీన్ని శోథ అంటారు. మరి మన శరీరంలో దాదాపు 38 లక్షల కోట్ల బాక్టీరియాలు కాపురం ఉంటున్నాయి. వాటిలో అత్యధికం పెద్దపేగులోనే. వాటికీ మన కణజాలానికీ మధ్య ఉన్నదల్లా ఒకే వరుస కణాల గోడ, దానిమీద జిగురుపొర. అయినా పేగు రోజూ ఎందుకు వాచిపోదు?

దేవరకొండ కోటను మీలో కొందరు చూసే ఉంటారు. అలాంటి కోట ద్వారం దగ్గర కాపలావాడు శత్రువును ఆపితే చాలదు. ధాన్యం బండ్లను లోపలికి వదలాలి కూడా. కనబడిన ప్రతి బండిమీదా బాణాలు వేస్తే కోటలోనివాళ్లు ఆకలితో చస్తారు. పేగు సంగతీ అంతే. పొద్దున తిన్న జొన్నరొట్టె, పుంటికూర పప్పు కూడా శరీరానికి పరాయివేగదా!

పేగు గోడలో డెండ్రైటిక్ కణాలనేవి ఉంటాయి. ఇవి ఆహారపు తునకలను, బాక్టీరియా ముక్కలను పట్టి, దగ్గరి లింఫు గ్రంథులకు తీసుకుపోయి టీ కణాలకు చూపిస్తాయి. ప్రమాద సూచనలేవీ లేకపోతే కొన్ని టీ కణాలు పోరాడే కణాలు కాకుండా నియంత్రక కణాలుగా మారతాయి. ఇవి ఇంటర్‌ల్యూకిన్-10 వంటి పదార్థాలను విడుదల చేసి తోటి కణాల ఉద్రేకాన్ని తగ్గిస్తాయి. కాపలావాళ్లమీద కాపలా అన్నమాట.

ఇది ఊహ కాదు. ఇంటర్‌ల్యూకిన్-10 తయారుచేయలేని ఎలుకలకు పెద్దపేగు వాచి పుండ్లు పడటం 1993లో గమనించారు. అటువంటి ఎలుకలనే సూక్ష్మజీవులు లేనిచోట పెంచితే జబ్బు రాలేదు! అంటే ఆ పోరాటం పేగులో కాపురమున్న బాక్టీరియాలమీదనే.

నియంత్రక కణాలను 1995లో జపాన్ శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి గుర్తించాడు. వాటికి అవసరమైన ఫాక్స్‌పి3 జన్యువును 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ కనుగొన్నారు. ఈ జన్యువు చెడిన మగశిశువులకు పుట్టిన కొద్దికాలానికే తీవ్రమైన విరేచనాలు పట్టుకుంటాయి. చికిత్స అందకపోతే చాలామంది బతకరు. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మన తెలుగువాని మాట చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు స్ప్రూ అనే పేగువ్యాధితో మరణించారు. ఆయనకూ అది సోకింది. స్ప్రూ రోగి పేగుగోడ దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టదు. రక్తం తగ్గిపోతుంది. అమెరికా వెళ్లిన సుబ్బారావు, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించాడు. 1940ల మధ్యలో అది స్ప్రూ రోగులకు మందయింది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే విటమినే ఇది.

ఆ విటమిను లేని మేత పెట్టిన ఎలుకల పేగుల్లో నియంత్రక కణాలు తగ్గిపోతాయని 2012లో జపాన్‌లో తేలింది. స్ప్రూకు కారణం అదేనని మాత్రం అనుకోవద్దు. అవి రెండూ వేరు సంగతులు. 1948లో కన్నుమూసిన సుబ్బారావుకు ఈ కణాల పేరైనా తెలిసే అవకాశం లేదు.